పదకొండుంబావు నుంచి పదకొండున్నర దాకా

పురపాలక కార్యాలయంలో నీటి ఫిర్యాదులు చూసే గుమాస్తాల్లో ఒకామెను అందరూ వాగుడుకాయ అనేవారు. ఆ పేరంటే ఆమెకేమీ కోపం లేదు. ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచీ చెడూ అడిగితే గానీ పంపేది కాదు.

కొత్తగా వచ్చిన అధికారిణి ఒక సోమవారం ఉత్తర్వు వేసింది. వారం పాటు ప్రతి పావుగంటా ఏం చేశారో ఉద్యోగులంతా రాసివ్వాలి. ఆఫీసంతా గగ్గోలెత్తింది. పక్క టేబుల్ టైపిస్టు మాత్రం అక్కడికక్కడే వారం మొత్తానికీ "ఫైళ్ల పరిశీలన" అని నింపేసి చేతులు దులుపుకుంది.

"అక్కా, నువ్వూ అదే రాసెయ్. ఉన్నదున్నట్టు రాశావో, కొంప మునుగుతుంది."

ఇంటికెళ్తే దర్జీ మొగుడిదీ అదే పాట. "నీ కబుర్లన్నీ రాయడానికి వాళ్లిచ్చిన కాగితం ఏ మూలకే?"

అయినా అబద్ధం రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. "పదకొండుంబావు నుంచి పదకొండున్నర దాకా, ఒక పెద్దాయనతో ఆయన మోకాళ్ల గురించి మాట్లాడాను" అని రాసిచ్చింది.

వారం గడిచి కాగితాలన్నీ అందిన మర్నాడే పిలుపొచ్చింది. అధికారిణి గదిలోకి వెళ్లింది.

"ఈ మోకాళ్ల గొడవేంటండీ?"

"అదీ... మేడమ్, నీళ్లు రావట్లేదని ఆయన వేరే టేబుళ్ల దగ్గర మూడుసార్లు కాగితం ఇచ్చారు. ఫిట్టరు వెళ్లి చూస్తే నీళ్లొస్తున్నాయట. మాటల్లో తెలిసింది, మోకాళ్లు పట్టేసి ఆయన మేడ దిగి కింద వెనక గదిలోకి మారారని. ఫిట్టరేమో మేడ మీది కుళాయి చూసి వచ్చేస్తున్నాడు. కింది గొట్టం పూడిపోయింది. చెప్పి పంపితే అరగంటలో బాగుచేశాడు."

అధికారిణి రిజిస్టరు ఆమె వైపు తిప్పింది. "మిగతావాళ్ల ఫిర్యాదులు సగానికి సగం తిరిగొస్తున్నాయి. మీవి ఒక్కటీ రాలేదు. ఎందుకో ఇప్పుడర్థమైంది. సోమవారం నుంచి మీ టేబుల్ ముందు హాల్లోకి మారుస్తున్నాం. వచ్చినవాళ్లందరూ ముందు మీతోనే మాట్లాడాలి."

తర్వాత అధికారిణి బయటికొచ్చి టైపిస్టును అడిగింది. "ఆదివారం కూడా ఫైళ్లు పరిశీలించారా?"

హాలంతా గొల్లుమంది. టైపిస్టు నాలుక కరుచుకుని, చివరికి తనూ నవ్వాపుకోలేకపోయింది.

సోమవారం పొద్దున్నే దర్జీ ఆఫీసుకు వచ్చాడు. భార్య టేబుల్ ముందున్న రెండు కుర్చీలకూ పువ్వుల గుడ్డతో మెత్తలు కుట్టి తెచ్చాడు. వాటిని సర్ది, ఒకదాని మీద తీరిగ్గా కూర్చున్నాడు.

"ఇంక లేవండి," అంది ఆమె, నవ్వు దాచుకుంటూ. "వెనక జనం నిలబడి ఉన్నారు."