నీలం గౌను దగ్గర ఒకరు

చిన్నపిల్లల గౌన్లు కుట్టి అమ్మే ఆ చెల్లెలికి ఆశ ఎక్కువ, ఓపిక తక్కువ. ముందుగదినే కొట్టు చేసుకుని, మరిది చేత వెబ్‌సైట్ పెట్టించుకుంది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ గౌను దగ్గర ఎంతసేపు ఆగారు, కొనకుండా ఎక్కడ వెనక్కి తిరిగారు, ఇవన్నీ చూపించే ఎనలిటిక్స్ కూడా అతనే అమర్చాడు. ఇక ఆమెకు అన్నం కూడా ఆ తెర ముందే.

వచ్చేవాళ్ళు అంతంతమాత్రం. ఒకావిడ మాత్రం రోజూ వచ్చేది, అక్క కాపురముంటున్న ఊరి నుంచి. ఊరంటే అక్క ఒక్కతేనా? పైగా అక్కకి ఫోన్ ఎత్తడమే గొప్ప అని చెల్లెలి నమ్మకం. ఆ వచ్చేమనిషి నీలం గౌను దగ్గర ఆగి, ఫొటోలన్నీ పెద్దవి చేసి చూసి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేది. మరిది ఆవిడకి ‘నీలం గౌను మేడం’ అని పేరుపెట్టి, గాలం దాకా వచ్చిన చేప ఎక్కడికి పోతుందిలే వదినా అన్నాడు. చెల్లెలు ధర తగ్గించింది. ఫొటోలు మార్చింది. ఆ ఊరివాళ్ళకే కనపడేలా ప్రకటనలు వేయించింది. మేడం వస్తూనే ఉంది, కొనడమే లేదు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. చెల్లెలికి సూది పట్టుకోవడం నేర్పింది ఈ అక్కే. కొత్త ఫొటోలో నీలం గౌను కాలర్ మడత పడిందనీ, రోజూ చూస్తున్నాననీ, చూసినప్పుడల్లా చెయ్యిపెట్టి సరిచేయాలనిపిస్తోందనీ చెప్పింది. ధర అంత తగ్గిస్తే నీ కష్టానికి ఏం మిగులుతుందే అని బాధపడింది కూడా.

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తను ముస్తాబు చేసింది ఇంటిమనిషి కోసమా?

“కొననివాళ్ళు కొట్టు ముందు నిలబడితే కొనేవాళ్ళకి దారుండదక్కా.”

“చూడ్డానికి కూడా రావద్దంటావా?”

“వద్దు.”

ఆ సాయంత్రమే అక్క ఇంటి ఇంటర్నెట్ నుంచి వచ్చే రాకపోకలు లెక్కలో చేరకుండా చేయమని మరిదికి చెప్పింది. అయినవాళ్ళు లెక్కలో కలిస్తే అసలు గిరాకీ తెలియదు కాబట్టి, అది ఈ వ్యాపారంలో అందరూ చేసే పనే. తప్పు పనిలో లేదు, ఆ మాటలో ఉంది. ఒకసారి ఆ అడ్డు పెట్టాక అక్క రాకపోకలు ఎక్కడా దాచి ఉండవనీ, అసలు నమోదే కావనీ మరిది ముందే చెప్పాడు. మరీ మంచిది అంది.

తరవాత అక్క ఫోన్ చేయలేదు. పెద్దది కదా, అదే చేస్తుందిలే అని చెల్లెలూ బిగదీసుకుని కూర్చుంది. వానలు వచ్చి వెళ్ళాయి. చివరికి బావ చేశాడు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట.

వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక, చెల్లెలు అక్క గదిలో ఆ మిషన్ పక్కనే కూర్చుంది. ఆమెకి ఒకటే ప్రశ్న. వద్దన్నాక కూడా అక్క వచ్చిందా, మానేసిందా? బావని అడిగింది.

“ఫోన్ పట్టుకుని కూర్చునేదమ్మా. ఏం చూసేదో నేనడగలేదు” అన్నాడు బావ. ఆ ఫోన్ తాళం ఎలా తీయాలో ఎవరికీ తెలియదు.

మరిదికి ఫోన్ చేసి, అక్క రాకపోకలు ఎక్కడైనా మిగిలాయేమో వెతకమంది.

“లేవు వదినా. అప్పుడే చెప్పాను కదా.”

పోనీ ఇప్పుడైనా ఆ అడ్డు తీసెయ్యమంది. ఎందుకని అడక్కుండా తీసేశాడు. నీలం గౌను పేజీ ఒకసారి తెరిచి చూసి, ఆమె ఎనలిటిక్స్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు ఎవరున్నారో చూపించే చోట అక్క ఊరి పేరు వెలిగింది. ఒక్కరు. నీలం గౌను దగ్గర.

“అక్కా” అంది, పైకే. వంటింట్లోంచి బావ పరుగున వచ్చాడు.

అతన్ని చూడగానే గుర్తొచ్చింది. పొద్దున తన ఫోన్‌కి ఈ ఇంటి ఇంటర్నెట్ కలిపి ఇచ్చింది అతనే. ఆ ఒక్కరూ తనే.

బావ అన్నానికి లెమ్మన్నాడు. ఆమె లేవకుండా మళ్ళీ నీలం గౌను పేజీకే వెళ్ళింది. ఆ పేజీ మూసేస్తే అక్క ఊళ్ళో ఇంకెవరూ ఉండరు. అందుకే ఫోన్ ఆరిపోకుండా, మడతపడిన కాలర్ మీద వేలితో రాస్తూ అలాగే కూర్చుంది.