చుక్క ఏ రంగు

ఆ పొగగొట్టం కూలేది ఒక్కసారే. సరిగ్గా రాలేదని మళ్లీ నిలబెట్టి పడగొట్టడానికి అదేమన్నా అట్టముక్కల సెట్టా! మూతబడ్డ నూలు మిల్లును పడగొడుతున్నారని తెలిసి, దాని పొగగొట్టం కూలడాన్నే తన మొదటి సినిమాకు చివరి దృశ్యంగా పెట్టుకుంది డైరెక్టరమ్మాయి. కెమెరా దగ్గర మాత్రం, నిర్మాత వద్దంటే వద్దన్నా వినకుండా, వాళ్ల నాన్నను నిలబెట్టింది.

నాన్నంటే ఆషామాషీ మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు ఫిల్ము కెమెరా నడిపినవాడు. యూనిట్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన 'చెవి బాబాయ్'. తక్కిన కెమెరామన్లు కంటితో తీస్తే ఈయన చెవితో తీస్తాడని ఎగతాళి. నిజమే మరి. మీట నొక్కగానే కెమెరాలో మోటారు గుర్రుమనేది. వ్యూఫైండర్లో బొమ్మ సన్నగా అదిరేది. ఆ చప్పుడు వినపడిందంటే సెట్టు మొత్తం గప్‌చుప్. ఫిల్ము వృథా అవుతుందేమోనని నిర్మాత కూడా దగ్గు ఆపుకునేవాడు. ఇప్పుడో? కెమెరా నోరు మెదపదు. అది పనిచేస్తోందో, కునుకు తీస్తోందో దాని మొహం చూసి చెప్పడం ఎవడి తరమూ కాదు. ఎటూ ఫిల్ము ఖర్చు కాదు కదా అని, షాటు మధ్యలోనే జనం ఫోన్లో బాతాఖానీ కొడుతుంటారు.

డిజిటల్ వచ్చాక ఆయనకు పిలుపులు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని గోడలు చూశాడు. ఈ షాటు దక్కితే మిగిలిన సినిమా అంతా ఆయనే తీస్తాడు. దక్కకపోతే ఆయన పనీ, కూతురి పరువూ ఒక్క దెబ్బకు గల్లంతు.

ఇంతకీ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆయనకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. పుట్టుకతోనే అంత. కట్టుకున్న భార్యతో కూడా అనలేదు. ఫిల్ము రోజుల్లో లైట్లూ రంగులూ చూసుకునే పెద్దాయన వేరే ఉండేవాడు. ఈయన పని ఫ్రేము పెట్టడం, కెమెరా తిప్పడం. అందులో ఆయన్ను కొట్టేవాడు లేడు. కాబట్టి గుట్టు గుట్టుగానే ఉండిపోయింది.

ఈ కొత్త కెమెరా తెర మూలన మాత్రం ఆవగింజంత చుక్క ఒకటుంది. రికార్డవుతుంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. పక్కన అక్షరాలు కూడా వచ్చేవట గానీ, ఫ్రేముకు అడ్డమని ఎవరో తీసేశారు. లోకంలో ఇన్ని రంగులుండగా ఆ పుణ్యాత్ములకు ఈ రెండే దొరికాయా! నెల రోజులుగా పక్కన అసిస్టెంటు 'రన్నింగ్' అని అరుస్తుంటే ఎలాగో నెట్టుకొచ్చాడు. ఈ రోజు ఆ అవకాశం కూడా లేదు. కెమెరా పెట్టిన అడ్డుగోడ వెనక ఒక్క మనిషే ఉండాలని, పొగగొట్టానికి మందుగుండు పెట్టిన ఇంజనీరు తెగేసి చెప్పాడు.

"నాన్నా, మీట నొక్కడం మరిచిపోకు," అంది కూతురు వాకీటాకీలో, రెండు వందల గజాల అవతల టెంటులోంచి.

"నువ్వు పుట్టకముందు నుంచీ నొక్కుతున్నానే తల్లీ. ఊరికే కంగారు పడకు."

సరిగ్గా పదింటికి సైరన్ మోగింది. "ముప్ఫై," అన్నాడు ఇంజనీరు మైకులో. లెక్క మొదలైందంటే ఇక ఆపడం ఉండదు.

ఇరవై ఐదు దగ్గర ఆయన మీట నొక్కాడు. చుక్క మిణుక్కుమంది. అయితే వేలు పడకముందే అది ఒకసారి మిణుక్కుమన్నట్టు అనిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

కూతురి చేతిలో ఉన్న ట్యాబ్లో కెమెరా తెరంతా కనపడుతుంది, అందులో కూడా ఒక మీట ఉంది. ఒకవేళ అక్కణ్ణుంచి ఆ పిల్ల కూడా నొక్కిందేమో. అదే నిజమైతే ఆయన నొక్కినప్పుడు కెమెరా ఆగిపోయినట్టే. ఒకే మీట, ఒకసారి నొక్కితే మొదలు, మరోసారి నొక్కితే ఆఖరు. పోనీ మళ్లీ నొక్కుదామా అంటే, నడుస్తున్నదాన్ని చేజేతులా ఆపేసినవాడవుతాడు.

"పద్దెనిమిది."

అలవాటు కొద్దీ కెమెరాకు చెవి ఆనించాడు. లోపల ఫ్యాను సన్నగా ఊదుతోంది. అది పొద్దస్తమానం ఊదేదే. చుక్కను గుచ్చి గుచ్చి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి తప్ప రంగు తిరగలేదు.

"పన్నెండు."

వాకీటాకీలో అడిగితే తేలిపోతుంది. కానీ ఆ మాట నిర్మాత వింటాడు, ఇంజనీరు వింటాడు, యూనిట్ మొత్తం వింటుంది. వాకీటాకీ నోటి దాకా తెచ్చి దించేశాడు. ముప్ఫై ఏళ్లు దాచిన పరువు ఒక వైపు, కూతురి మొదటి సినిమా ఒక వైపు.

"ఏడు."

"అమ్మా, చుక్క ఏ రంగు?"

"ఏ చుక్క నాన్నా?"

"తెర మూలన! ఎరుపా, ఆకుపచ్చా? నాకా రెండూ ఒకటేనే, నాకు తెలీదే, చెప్పవే!"

"నాలుగు."

"ఆకుపచ్చ! నాన్నా, ఆకుపచ్చ! నొక్కు!"

నొక్కాడు.

"ఎరుపు!" అని ఆ పిల్ల గొంతు చించుకుని అరిచింది. "ఒకటి" అన్న మాట ఆ అరుపులో కలిసిపోయింది.

పొగగొట్టం మొదట నడుము దగ్గర విరిగింది. పై సగం ఎటు పడాలో తేల్చుకోలేనట్టు ఒక క్షణం అలాగే ఆగి, పక్కకు ఒరిగింది. నేల అదిరింది. దుమ్ము మీదికొచ్చేస్తున్నా ఆయన ఫ్రేము వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆయన టెంటు దగ్గరికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. నిర్మాత ఆయన భుజం తట్టాడు కూడా.

"షాటు అదిరింది బాబాయ్. కాదనను. కానీ రంగులు తెలియని మనిషి చేతికి సినిమా ఎలా ఇవ్వమంటావు, చెప్పు? రేపటి నుంచి వేరే అతను వస్తాడు. ఏమనుకోకు."

"తప్పు నాది సార్," అంది కూతురు అడ్డం వచ్చి. "ఆయన నొక్కే ముందే నేను ఇక్కణ్ణుంచి నొక్కాను. అందుకే ఆగింది. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

"సగం సినిమా అయ్యాక డైరెక్టర్ని ఎవరు మారుస్తారమ్మా? నువ్వు ఊరుకో," అనేసి నిర్మాత కారు వైపు వెళ్లిపోయాడు.

తండ్రికి ఒళ్లు మండిపోయింది. పని పోయినందుకు కాదు. "ముసలాడు మీట నొక్కడం మరిచిపోతాడనుకున్నావు కదూ? అంతేగా?"

"అవును, భయమేసింది." ఆ పిల్ల దాచలేదు. "నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నావు, ఏమవుతుందోనని నొక్కేశాను. మరి నువ్వు నన్ను నమ్మావా నాన్నా? నీ కూతురికి కూడా చెప్పకూడదా? ఒక్క మాట నా చెవిన వేసుంటే, పోయిన ఆ అక్షరాలు తెర మీద మళ్లీ పెట్టించేదాన్ని. రెండు నిమిషాల పని! రెండే నిమిషాలు!"

ఆయన పడి ఉన్న పెట్టె మీద కూలబడ్డాడు. ఆ పిల్ల కూడా ఏడుస్తూనే పక్కన చేరింది. ఆయన ట్యాబ్ వైపు చూపి, "ఏదీ, షాటు పెట్టు," అన్నాడు.

ట్యాబ్ ఇద్దరి మోకాళ్ల మీదా ఆనించి పెట్టింది. పొగగొట్టం మళ్లీ విరిగింది, మళ్లీ ఒరిగింది. తెర నిండా దుమ్ము కమ్ముకుంది.

"ఆ దుమ్ము ఏ రంగే?"

"లేత గులాబీ నాన్నా. అంతా ఇటుకల పొడి కదా."

"నాకు బూడిదలా కనపడింది. కింద మిల్లు గోడ వారనున్నది?"

"పచ్చగడ్డి. బాగా ఏపుగా ఉంది."

ఆయన ముఖం తుడుచుకుని ట్యాబ్ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మళ్లీ మొదట్నుంచీ పెట్టు," అన్నాడు. "ఈసారి ఒక్కోటీ చెప్పు."