ఎస్కేప్ నొక్కాక

హైదరాబాద్ పాతబస్తీ, ఛత్రినాకలోని ఆ ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషన్ నడుస్తుంటే పక్కింటి గిన్నెలు కూడా కదులుతాయి. ఆ మిషన్‌కు సొంత బుర్ర లేదు. సూది ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది పక్కనున్న కంప్యూటర్‌లోని పాతకాలపు డాస్ ప్రోగ్రాం. నీలం తెర, తెల్లటి అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. దారం చిక్కుపడితే కోడలు అనన్య కీబోర్డు మీద ఎస్కేప్ మీట నొక్కుతుంది, సూది ఆగుతుంది, అత్తమ్మ నళిని చెయ్యి పెట్టి చిక్కు తీస్తుంది. ఇదివరకు మామ నొక్కేవాడు. ఆయన పోయాక ఆ కుర్చీ కోడలికి వచ్చింది. మిషన్‌ను ఆపడానికి దాని మీదే ఉన్న ఎర్ర బటన్ ఎప్పుడో పాడైంది. ఎస్కేప్ ఉండగా దానితో ఏం పని అని ఎవరూ బాగు చేయించలేదు.

చూసేవాళ్ళకు ముచ్చటేసే జోడీయే. కానీ అందులో అనన్యను వణికించే సంగతి ఒకటుంది. అత్తమ్మ సూది ఆగేదాకా ఉండదు. కోడలి వేలు మీట మీదికి దిగడం చూడగానే ఆవిడ చెయ్యి లోపలికి పోతుంది. ఇన్నేళ్ళలో వేలు దిగాక సూది ఆగకపోవడమన్నది ఆవిడ ఎరగదు మరి.

అలాంటి ఇంట్లో కంప్యూటర్‌లోని పాత విండోస్ కూలబడింది. లాడ్ బజార్‌లో దుపట్టాలమ్మే తబ్రేజ్ భాయ్ పెన్‌డ్రైవ్‌లో డిజైన్లు తెచ్చాడు, వైరస్‌ను కొసరుగా ఇచ్చిపోయాడు. విండోస్ బదులు అనన్య కాలేజీలో నేర్చుకున్న లినక్స్ ఎక్కించింది. డిజైన్లు చూపించే పాత విండోస్ ప్రోగ్రాం వైన్ అనే సాధనంతో లేచి కూర్చుంది. డాస్ ప్రోగ్రాం డాస్‌బాక్స్ అనే మరో సాధనంలో తెరుచుకుంది. తెరంతా నింపితే అక్షరాలు మసకబారుతున్నాయని దాన్ని చిన్న విండోలోనే ఉంచింది. ఉంచాక గానీ ఒక సంగతి తట్టలేదు. ఇదివరకు తెరంతా ఒకే ప్రోగ్రాం. ఇప్పుడు ఏ విండో ముందుంటే మీట మాట దానికే చేరుతుంది.

"అత్తమ్మా, ఇగ సూది ఆగింది సూసినంకనే చెయ్యి పెట్టు. గిది పాతదాని లెక్క కాదు."

"గదే నీలం తెర గదనే. ఏంది నీ ఫికర్?"

"తెర గదే. కానీ ఇప్పుడు దాని పక్కన ఇంకోటి గూడ తెరుసుకుంటది."

"నువ్వు నొక్కు, నేను తీస్త. ఇన్నేండ్ల సంది చేస్తలేనా?"

అత్తమ్మతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అనన్యే జాగ్రత్త పడింది. ఎస్కేప్ నొక్కాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు తెర చూసుకునేది, ఊపిరి బిగబట్టి నొక్కేది, సూది ఆగాకే ఊపిరి వదిలేది. రోజులు గడిచే కొద్దీ భయం పోలేదు గానీ, దానితో కాపురం చేయడం అలవాటైంది.

ఆ పొద్దున తబ్రేజ్ భాయ్ గుమ్మంలోనే కూర్చున్నాడు. మిషన్ మీద పెళ్ళి దుపట్టా సగంలో ఉంది.

"బేటీ, ఎల్లుండే పెండ్లి. గా అంచుల పువ్వు పెద్దగున్నదా, చిన్నగున్నదా? జర చూపియ్యి, నా ఇజ్జత్ సవాల్."

పోరు పడలేక అనన్య మౌస్ పట్టుకుని డిజైన్ తెరిచింది. నీలం తెర వెనక్కి పోయింది. సరిగ్గా అప్పుడే దారం చిక్కుపడింది. అత్తమ్మ తల తిప్పి కోడలి వేలు వైపు చూసింది. కంగారులో, మొదటిసారి, అనన్య తెర చూసుకోలేదు. వేలు దానంతటదే దిగింది.

డిజైన్ బుద్ధిగా మూసుకుంది. సూది ఆగలేదు.

ఏం చేసిందో అనన్యకు తక్షణమే అర్థమైంది. "అత్తమ్మా, వద్దు!" అని గొంతు చించుకుంది. ఆ రొదలో ఎవరికి వినపడుతుంది? ముడతలు పడ్డ ఆ చెయ్యి అప్పటికే సూది కిందికి వెళ్ళింది. అనన్య గోడ దగ్గరికి దూకి ప్లగ్గు పీకేసింది.

మిషన్ ఆగింది. కానీ అప్పటికే సూది నళిని చూపుడువేలి గోటిలోంచి దిగి విరిగిపోయింది. తబ్రేజ్ భాయ్ "యా అల్లా" అంటూ ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు. అనన్య తువ్వాలు తెచ్చి ఆ వేలికి చుట్టింది, చుట్టిన చోటల్లా తడిసిపోతోంది.

"నొక్కిన అత్తమ్మా," అంది ఏడుస్తూ. "ఒట్టు, నేను నొక్కిన."

తిట్టు కోసం తల వంచుకుంది. తిట్టినా బాగుండేది. నళిని పళ్ళు బిగించి, బాగున్న చేత్తో కోడలి తల నిమిరింది.

"నొక్కినవ్ బిడ్డా, నేను సూసిన గద. నువ్వు నొక్కినవనే నేను పెట్టిన."