నర్సమ్మ తాళంచెవి

"తెరుచుకుంది! చూశారా, తెరుచుకుంది!"

టైలరు భార్య కేక మూడంతస్తులూ పాకింది. ఆమె చేతిలో ఉన్నది పైవాటాలో అద్దెకుండే నర్సమ్మ దగ్గర లాక్కున్న తాళంచెవి. తెరుచుకున్నది టైలరు ఇంటి తలుపు. వారం కిందట ఆ ఇంట్లోనే బీరువాలో గాజులు పోయాయి. తలుపు మీద గీత కూడా పడలేదు. అంతకుముందు కింది వాటాలో మాస్టారి కెమెరా పోయినప్పుడూ అంతే.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది," అన్నాడు మాస్టారు.

డ్యూటీ నుంచి వచ్చిన నర్సమ్మ భుజాన బ్యాగు ఇంకా దించలేదు. "మీ గడప కూడా తొక్కలేదు వదినా!"

"వదినా గిదినా అనకు. వరస కలిపితే పోయిన గాజులు వస్తాయా?"

ఇంటి ఓనరు గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమ్మా. కేసూ గీసూ వద్దు."

"దొంగ అని ముద్రేసి పంపితే నాకు ఇంకో ఇల్లు ఎవరిస్తారు బాబాయ్? ఆస్పత్రిలో ఉండనిస్తారా?"

అంతలోనే ఎస్సై మెట్లెక్కి వచ్చింది. మాస్టారే ఫోన్ చేశాడు. ఈ ఇంటి వాకిట్లోనే ఆమె ఆమధ్య అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. అద్దెకుండేవాళ్లు మారినప్పుడల్లా తాళాలు మార్చమంది, తేడా ఏది కనిపించినా దాచకుండా చెప్పమంది. ఓనరు వెంటనే అన్ని తలుపులకూ కొత్త తాళాలు వేయించాడు. అయినా దొంగ పడ్డాడు.

ఎస్సై సంగతంతా విని నర్సమ్మ తాళంచెవి తీసుకుంది. నేరుగా మాస్టారి తలుపు దగ్గరికి దిగి అందులో పెట్టి తిప్పింది. తెరుచుకుంది.

"చెప్పానా!" అంది టైలరు భార్య.

"ఇప్పుడు మీ తాళంచెవి ఇలా ఇవ్వండి."

దానితో ఎస్సై పైకెక్కి నర్సమ్మ తలుపు తీసింది. అదీ తెరుచుకుంది.

"మరిప్పుడు ఎవర్ని అరెస్టు చెయ్యమంటారు? అందర్నీనా?"

మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "రోజూ రెండుసార్లు లాగి చూసుకుని మరీ బయల్దేరేవాణ్ణి!"

తప్పు అతనిది కాదు. తన తాళం పడిందో లేదో అందరూ చూసుకుంటారు. తన తాళంచెవి పక్కింటి తలుపులో పెట్టి చూసే మనిషి ఎక్కడుంటాడు?

"ఒకే తాళంచెవికి తెరుచుకునే తాళాలు సెట్టుగా దొరుకుతాయి. అడిగి కొనాల్సిందే, పొరపాటున రావు," అంది ఎస్సై. "కొన్నదెవరు?"

"బజారు నుంచి తెప్పించానండీ," అన్నాడు ఓనరు, భార్య వైపు చూడకుండా.

"ఎవరిచేత?"

ఓనరు చూపు మెట్ల కిందికి దించాడు. ఎస్సై నిట్టూర్చింది. "మీరు నోరు విప్పకపోతే అనుమానం ఈమెనే పట్టుకుని ఉంటుంది. ఇల్లు మారినా వదలదు."

ఓనరు భార్య నడుముకున్న తాళాల గుత్తిని పిడికిట బిగించింది. గాజులు పోయిన మధ్యాహ్నం మెట్లు దిగుతూ ఎదురైన మనిషి, "డాబా మీద ట్యాంకు చూసొస్తున్నా అక్కా," అన్నాడు. డాబా తలుపు తాళంచెవి ఆ రోజంతా ఈ గుత్తిలోనే ఉంది. ఆమెకు అప్పుడే తట్టింది. అయినా కాఫీ పెట్టి ఇచ్చింది, అడగలేదు. అడిగితే ఎక్కడ నిజం చెబుతాడోనని భయం. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉందనుకుంది. ఇప్పుడది ఇంకొకరి నెత్తిన పడింది.

"లోపలికి పద," అన్నాడు ఓనరు మెల్లగా.

ఆమె కదల్లేదు. నర్సమ్మ భుజం మీది బ్యాగు అందుకుని కింద పెట్టింది.

"ఈ అమ్మాయి ఎక్కడికీ వెళ్లదు మేడమ్," అంది. "తాళాలు కొని బిగించింది మా తమ్ముడు. గాజులు తీసిందీ వాడే."