ముత్తన్న కొట్టిన బంతి

కోటగిరి వైపైనా, రెంజల్ వైపైనా బావను ఏడిపించడం తప్పు కాదు. ఉడుక్కున్నవాడిదే తప్పు. బావ అన్న ఒక్క మాట అడ్డం పెట్టుకుంటే ఎంత మాటైనా అనొచ్చు, పెండ్లి పందిట్లో ముఖాన మసి పూసినా అడిగేవాడు లేడు. పడ్డవాడు మాత్రం నవ్వాలి. భోజన్న కూడా నవ్వాడు పాపం, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. లోపల మాత్రం కడుపు భగ్గున మండిపోయింది, ఆ మంట ఏడాది తిరిగినా చల్లారలేదు.

సంగతి ఎనభై ఏడో సంవత్సరం చెరుకు సీజన్‌లో మొదలైంది. సీజన్ వచ్చిందంటే బోధన్‌లో ఫ్యాక్టరీ ముందున్న యార్డు చూడాలి. చుట్టుపక్కల ఊళ్ల చెరుకంతా అక్కడికే, ఎడ్లబండ్ల వరస రోడ్డు దాకా. కోసిన చెరుకు ఆగే సరుకు కాదు, ఎండలో నిలబడితే ఎండిపోతుంది, కాంటా మీదికి వెళ్లేసరికి సగం బరువు గాలికి పోతుంది. అందుకే వరసలో ముందుండాలని అందరికీ ఆత్రం. రెండూళ్ల బండ్లు ఒకేసారి గేటు మలుపు దగ్గరకు వస్తే ఎవరు ముందు? వెనకటికి ఆ సంగతి కర్రలే తేల్చేవి, తలకాయలు పగిలేవి. తర్వాత ఎవరికి పుట్టిన బుద్ధో కానీ, రెండు బండ్ల నొగలు పైకి లేపి, మధ్యన తాడు కట్టి, వాలీబాల్ ఆడించడం మొదలుపెట్టారు. గెలిచిన ఊరి బండ్లు ముందు, ఓడిన ఊరి బండ్లు వెనక. ఆ మాటకు తిరుగులేదు.

ఆ ఏడు కోటగిరి బండ్లకూ రెంజల్ బండ్లకూ పడింది. రెంజల్ తరఫున ముత్తన్న. తాడిచెట్టంత మనిషి, తాడు మీంచి చెయ్యెత్తి బంతిని కొట్టాడంటే ఎదుటివాళ్లకు చప్పుడు వినపడాల్సిందే తప్ప బంతి కనపడదు. పైగా అతని చెల్లెలు గంగమణిని కోటగిరి భోజన్నకు ఇవ్వడానికి అప్పటికే మాట అయిపోయింది, ఎండాకాలంలో పెండ్లి. కాబోయే బావ ఎదురుగా వెనక వరసలో నిలబడి ఉన్నాడు, ముత్తన్నకు అంతకంటే ఏం కావాలి?

భోజన్న బలానికి లోటు లేదు. బండి నింపడంలో కోటగిరిలో వాడిని మించినవాడు లేడు. కిందినుంచి చెరుకు మోపు విసిరితే, బండి మీద నిలబడి రెండు చేతులూ చాచి, గుండెలకు హత్తుకొని, కొంచెం వెనక్కి ఒరిగి పట్టుకుంటాడు. మీసాలు రానప్పటి నుంచీ అదే పని. ముత్తన్న బంతి దూసుకొచ్చేసరికి ఆ చేతులకు వేరే విద్య తెలియదు కదా, అలవాటుగా చాచుకున్నాయి. బంతిని చక్కగా కౌగిలించుకున్నాడు. వాలీబాల్‌లో బంతిని పట్టుకుంటే పాయింటు అవతలివాడిది. యార్డు యార్డంతా గొల్లుమంది.

దాంతో ముత్తన్నకు కిటుకు దొరికింది. ఇక కొట్టిన ప్రతి బంతీ భోజన్న గుండెల మీదికే. "మోపొస్తున్నది బావా, పట్టుకో," అని ముందే చెప్పి మరీ కొట్టాడు. పట్టుకోవద్దు పట్టుకోవద్దు అనుకుంటూనే పట్టుకున్నాడు భోజన్న. ఆఖరి బంతి ముక్కు మీద తగిలింది. ముక్కులోంచి రక్తం కారుతుంటే, చెరుకాకు చెత్తలో వెల్లకిలా పడి, బంతిని మాత్రం వదలకుండా పొట్టకు అదుముకొని ఉన్నాడు.

కోటగిరి బండ్లు వెనక్కి మళ్లాయి. భోజన్న తండ్రి కొమురయ్య ఎడ్లను తిప్పుతూ కొడుకు ముఖం కూడా చూడలేదు. "నిన్ను బండి ఎక్కియ్యాలె గని బరిల దించొద్దుండె," అన్నాడు. వరస కదిలేదాకా ఆ చలిలో బండి కిందే పడుకున్నాడేమో, ముసలాయనకు దగ్గు పట్టుకుంది, హోలీ దాటినా వదల్లేదు. తండ్రి దగ్గినప్పుడల్లా భోజన్నకు ముత్తన్న మొహమే గుర్తొచ్చేది.

అక్కడితో ఆగితే బాగుండేది. రెంజల్‌లో పెండ్లి. తలంబ్రాలు అయి పీటల మీద కూర్చున్నాడో లేదో, ముత్తన్న స్నేహితులు కొత్త తువ్వాలతో ఒక చెరుకు మోపు కట్టి తెచ్చారు. "బావా," అని పిలిచి ముత్తన్న దాన్ని విసిరాడు. ఖర్మ కాకపోతే ఏంటి, బాసింగం కట్టుకొని ఉన్న మనిషి రెండు చేతులూ చాచి, గుండెలకు హత్తుకొని, వెనక్కి ఒరిగి పట్టుకున్నాడు. పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. పూజారి కూడా నవ్వాడు. తల కొట్టేసినట్టయి పక్కకు చూస్తే, గంగమణి ఒక్కతే నవ్వడం లేదు. పెదవి కొరుక్కొని అన్న వైపు చూస్తూ ఉంది.

ఆ రోజు నుంచి వాడి పేరు మోపు భోజన్న. కోటగిరి అంగడిలో ఉల్లిగడ్డలు అమ్మేవాడికి కూడా ఆ పేరే తెలుసు. భోజన్న బోధన్ పోయి ఒక బంతి కొనుక్కొచ్చుకున్నాడు. వచ్చే సీజన్‌లో ముత్తన్న కొట్టిన ప్రతి బంతినీ లేపాలి. ఒక్కటి కూడా నేల తాకకూడదు. కొట్టీ కొట్టీ వాడి భుజం పడిపోవాలి, ఆ రెంజల్ మంద ముందర వాడి మొహం మాడిపోవాలి. ఎడ్లకు గడ్డి వేస్తున్నా అదే ధ్యాస, అన్నం తింటున్నా అదే ధ్యాస.

ఎవరైనా చూస్తే మళ్లీ నవ్వుతారని పొలంలోనే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. చెరుకు మధ్యలో కళ్లం, కళ్లం పక్కన మోటారు గది. గది గోడకు బంతిని విసురుతాడు, అది తిరిగి వస్తుంది, చేతులు చాచుకుంటాయి. మళ్లీ విసురుతాడు, మళ్లీ అంతే. ఒకరోజు సద్ది తెచ్చిన గంగమణి గిన్నె కింద పెట్టి, కాసేపు చూసింది.

"గట్ల గాదు. నువ్వు బంతిని ఎత్తుకుంటున్నవ్. ఎత్తుకోవద్దు, పంపాలె."

భోజన్నకు చిర్రెత్తుకొచ్చింది. "నీకేం ఎర్క?"

"నాకు ఎర్క గాకుంటె ఇంకెవలకు ఎర్క? మా అన్న కొట్టుడు నేర్సిందే నా మీద. బడి గోడకాడ నన్ను నిలవెట్టి కొడ్తుండె. నేను ఇడిసిపెట్టిన బంతి పోయి తుమ్మకంపల పడ్తుండె, తెచ్చుడు నా వంతు. కాళ్లల్ల ముండ్లు ఇరిగి ఇరిగి, ఒక్కటి గూడ ఇడువకుండ లేపుడు నేర్సిన."

కొంగు నడుముకు దోపుకుంది. "ఎయ్యి," అంది. భోజన్న మొగతనం చూపిద్దామని బలం కొద్దీ విసిరాడు. ఆమె మోకాళ్లు వంచి, రెండు ముంజేతులూ జోడించి, అడుగు కూడా కదలకుండా బంతిని పైకి లేపింది. అది నిలువునా లేచి, సరిగ్గా భోజన్న నెత్తి మీదికే వచ్చింది. భోజన్న నోరు తెరుచుకుని దాన్ని పట్టుకున్నాడు, అలవాటు కదా.

ఆ ఇద్దరికీ ఆ వానాకాలమంతా అదే పని. చెరుకు మనిషెత్తు దాటింది కాబట్టి లోపల ఏం జరుగుతుందో బయటికి తెలియదు. గంగమణి గడ్డిబండి ఎక్కి నిలబడి పైనుంచి కొట్టేది. ఆమె కొట్టడం ఒక మోస్తరు కాదు, అన్న మీది కసి అంతా అరచేతిలోకి తెచ్చుకున్నట్టు కొట్టేది. భోజన్న చేతులు చాచకుండా తువ్వాలతో రెండు మోచేతులూ దగ్గరికి కట్టింది. చెరుకాకు కోసిన గీతల మీద బంతి తగిలి ముంజేతులు ఎర్రగా ఉబ్బిపోయాయి, చెమట పడితే కారం రాసినంత మంట. బంతి మాత్రం ఒకసారి మోటారు గది మీదికి, ఒకసారి కాలువలోకి.

"కొట్టకు. వచ్చేటి బంతికి జోరు ఉంటది, నువ్వు ఇంకింత ఇస్తె ఎటో పోతది. చేతులు బల్ల లెక్క పెట్టు, ఊరుకో."

ఎంత చెప్పినా పట్టుబడలేదు. విసుగొచ్చి ఒకరోజు బంతి బదులు నిజంగానే మోపు విసిరింది. అతడు పట్టుకున్న తీరు చూసి, ఏదో తట్టినట్టు బండి దిగి వచ్చింది. "ఇగో, మోపు తగిలినప్పుడు నువ్వు మోకాళ్లల్ల ఇంత కుంగుతున్నవ్, ఎనుకకు ఒరుగుతున్నవ్. అందుకే గంత బరువు నిన్ను ఏం జేస్తలేదు. గా కుంగుడు ఉంచుకో. చేతులు సాపుడు ఒక్కటి ఇడిసిపెట్టు."

మర్నాడు బంతి లేచింది. మొదట వంకరగా, తర్వాత నిలువునా. భోజన్న కళ్లంలో గిరగిరా తిరిగాడు. ఆ తర్వాత గంగమణి అసలు రహస్యాలు విప్పింది. "బంతిని సూడకు, మా అన్నను సూడు. ఎడమ మూలకు కొట్టేముందు గడ్డం పైకి లేస్తది. మోసం జేసి ముంగటికి మెల్లగ ఏసేముందు నాలిక బయట పెడ్తడు. సిన్నప్పటి నుంచి గంతే, ఆయనకే ఎర్క లేదు."

"నీకెందుకు గింత పగ? నీ అన్ననే గద," అన్నాడు భోజన్న ఒకసారి.

గంగమణి ముంజేతుల మీద మట్టి దులుపుకుంటూ చెప్పింది. "పదో తరగతిల పీటీ సారు నన్ను నిజామాబాద్ టీముకు రాసిండు. బాపు సరేనన్నడు. మా అన్నే వద్దన్నడు. నిక్కరు తొడుక్కొని ఆడనీకె పోతదా, దానికి ఏమొస్తదని అన్నడు. దానికి ఏమీ రాదని ఊరంత చెప్పిండు." బంతిని భోజన్న చేతిలో పెట్టి అంది, "నువ్వు గెలిసినంక ఒక్క పని జెయ్యి. ఎవలు నేర్పిన్రో నలుగురి ముంగట చెప్పు. నా పేరు వెట్టి చెప్పు."

"గంతేనా," అన్నాడు భోజన్న. ఒప్పుకోవడానికి ఏం పోయింది? చెరుకు తోటలో ఇద్దరే ఉన్నారు.

సీజన్ వచ్చింది. రెంజల్ బండ్లు బయలుదేరే రోజు పుట్టింటి కబురు వల్ల గంగమణికి తెలుసు, తమ బండ్లూ ఆ రోజే కదిలేలా భోజన్న ఊళ్లో అందరినీ తొందరపెట్టాడు. దారి పొడుగునా ఎడ్లను తోలుతూ ఒకటే ఆలోచన. భార్య నేర్పిందంటే? మోపు పోయి అంతకన్నా పాడు పేరు వస్తుంది. అందుకే ఒక అబద్ధాన్ని సాపు చేసుకున్నాడు. నిజామాబాద్‌లో ఒక కోచ్ ఉన్నాడు, వారం వారం పోయి నేర్చుకున్నాను. ఇదీ ఆ అబద్ధం. గంగమణికి ఏదో ఒకటి సర్దిచెప్పొచ్చు అనుకున్నాడు.

గేటు మలుపు దగ్గర తాడు కట్టారు. భోజన్న ముందుకొస్తే సొంత ఊరివాళ్లే అడ్డం పడ్డారు. బంతి అందించే సిద్దిరాములైతే దండం పెట్టాడు. "నీకు పుణ్యముంటది, ఈసారి ఎడ్లకాడ ఉండు." "నేను లేపకుంటె నా బండి అందరి ఎనుక పెడ్త," అన్నాడు భోజన్న. కొమురయ్య దగ్గుతూ బండి చక్రానికి ఆనుకున్నాడు.

"మోపొస్తున్నది బావా," అన్నాడు ముత్తన్న, గాలిలోకి లేచి. గడ్డం పైకి లేచింది. భోజన్న అప్పటికే ఎడమ మూలకు జరిగి కుంగి ఉన్నాడు. బంతి ముంజేతుల మీద పడి, నిలువునా లేచి, సిద్దిరాములు నెత్తి మీదికి వెళ్లింది. సిద్దిరాములు ఆశ్చర్యంలో దాన్ని అందించడమే మరిచిపోయాడు, ఆ పాయింటు పోయింది. తర్వాతవి పోలేదు. ముత్తన్న గుండెల మీదికి కొట్టాడు, లేచింది. కాళ్ల దగ్గరికి కొట్టాడు, లేచింది. నాలుక బయటపెట్టి మెల్లగా వేశాడు, భోజన్న ముందుకు దూకి చెత్తలో పొర్లుతూ లేపాడు. ముత్తన్న బలం కొద్దీ కొట్టి, రొప్పి, కళ్లు ఎర్రబడి, చివరికి బంతిని తాడుకే కొట్టుకున్నాడు. అలాగే ఇంకొకటి. అలాగే ఆట అయిపోయింది.

ఇదే, ఈ క్షణం కోసమే ఏడాదిగా నిప్పుల మీద కూర్చున్నాడు భోజన్న. ముత్తన్న మాడిన మొహం చూద్దామని తలెత్తాడు. ముత్తన్న నవ్వుతున్నాడు. తాడు కింద నుంచి వంగి వచ్చి, భుజం మీద చెయ్యేసి, దగ్గరకు లాక్కున్నాడు. "శభాష్ బావా. సూసిన్రా, మా ఇంటల్లుడు, మనోడే," అని తన ఊరివాళ్ల వైపు తిరిగాడు. రెంజల్ వాళ్లు చప్పట్లు కొట్టారు. అరె, ఇదేం పగ? ఓడినవాడు ఓటమిని బెల్లంముక్కలా చప్పరించేశాడు. గెలుపు కూడా వాడి ఇంటిదే అయిపోయింది. భోజన్నకు ఏడుపొచ్చినంత పనైంది.

"గని బావా, ఏ మాస్టరు నేర్పిండు? నాకు గూడ జెప్పు," అన్నాడు ముత్తన్న. అందరూ దగ్గరికొచ్చారు. సిద్దిరాములు కూడా చెవి పెట్టాడు.

కోచ్ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. భుజం మీద ముత్తన్న చెయ్యి హాయిగా, బరువుగా ఉంది. ఈ మనిషి బంతితో ఓడడు, వీడికి తగిలే దెబ్బ ఒకటే ఉంది, అది తనకూ తగులుతుందని భోజన్నకు తెలిసింది. తగిలితే తగలనీ అనుకున్నాడు.

"మీ చెల్లె నేర్పింది. గంగమణి."

సిద్దిరాములు ఫక్కున నవ్వాడు, ఆ వెంటనే రెండూళ్లూ నవ్వాయి. కొందరు భోజన్నను చూసి, కొందరు ముత్తన్నను చూసి. భోజన్న చెవులు కాలిపోతున్నాయి, అయినా ఆగలేదు. "నిజామాబాద్ టీముకు పోతనంటె ఏమీ రాదని ఇంట్ల కూసోబెట్టినవ్ గద, గా పిల్లనే. నీ గడ్డం లేస్తె బంతి ఎటు పోతదో గామెనే చెప్పింది. నాలిక ముచ్చట గూడ."

ముత్తన్న చెయ్యి భుజం మీంచి జారింది. తనకు తెలియకుండానే గడ్డం తడుముకున్నాడు. వెనక నుంచి రెంజల్ పెద్దమనిషి లింగం గొంతు వినపడింది. "నిజమే, గా పిల్ల మస్తు ఆడుతుండె. పంపకపోతిమి." ముత్తన్న అటు తిరగలేదు, ఇటూ తిరగలేదు. నవ్వు ఎక్కడ పోయిందో, మొహం నిజంగానే మాడిపోయింది. కొమురయ్య ఎడ్లను కట్టి బండి ముందుకు తోలుతుంటే, ముత్తన్న దారిలోంచి పక్కకు జరిగి, భోజన్నకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"ఇంట్ల అంటె అయిపోవు గద బావా. ఊరోళ్ల ముంగట ఎందుకు?"

"గీడ అననీకే నేర్సుకున్న," అన్నాడు భోజన్న.