ఎల్ బోర్డు ఊడిన రోజు

నేను ఒక ఎల్ బోర్డును. ఒంటి మీద ఎర్రటి అక్షరం ఒక్కటే నా సొమ్ము. నంబరు ప్లేట్లు రాసే పెయింటరు ఒకడు పాత నూనె డబ్బాను కత్తిరించి, ఒకవైపు తెల్లరంగు పూసి నన్ను తయారుచేశాడు. నా వీపు మీద ఇప్పటికీ సగం వేరుశనగ కాయ బొమ్మ ఉంది.

నాది పాడు పుట్టుక. నన్ను కట్టుకున్నవాళ్లంతా నన్ను వదిలించుకునే రోజు కోసమే ఎదురుచూస్తారు. లైసెన్సు చేతికి రాగానే నన్ను ఊడబెరికి, నన్ను కట్టిన తీగకే నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చుతారు. మందుల షాపాయన ఒకడు కారుకు కొబ్బరికాయ కొట్టి, నన్ను గోడవతలికి విసిరేశాడు. అక్కడ ఏరుకుంది నన్ను వీరవేణి.

వీరవేణి మొగుడు తాతారావు రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు తోలే ట్రాలీ డ్రైవరు. చక్కెర జబ్బు ముదిరి అతని కుడి పాదం తీసేశారు. అప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు కాదు. బండి ఇంటి ముందు ఎండుతుంటే చూడలేక, తానే తోలతానని వీరవేణి బయల్దేరింది. ఆర్టీవో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, రోడ్డు గుర్తుల పరీక్ష నెగ్గి, లర్నర్ లైసెన్సు తెచ్చుకుంది. పక్కన లైసెన్సున్న మనిషి ఉంటేనే బండి తీయాలని అక్కడ చెప్పారట. మనుషుల లెక్క చూడండి. పాదం లేనివాడికి లైసెన్సుంది, రెండు పాదాలూ ఉన్నామెకు లేదు.

"లే మావా. నువ్వు పక్కన లేపోతే పోలీసోళ్లు పట్టుకుంటారంట."

"పట్టుకోనీ."

"నన్ను కాదు, బండిని పట్టుకెళ్లిపోతారంట."

బండి మాట వినగానే లేచాడు.

నన్ను వెనక బంపరుకు కట్టారు. కాలవగట్టు మీద నేర్పడం మొదలైంది. "క్లచ్చు తొక్కవే! అది బ్రేకే తల్లీ! గేరు మారుస్తున్నావా, పప్పు రుబ్బుతున్నావా?" అతని కేకలకు కాలవలో బాతులు బెదిరేవి. ఆమె నవ్వేది. కొన్నాళ్లకు అతనూ నవ్వాడు. గడ్డం గీసుకున్నాడు. పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, కర్ర ఊతంగా పట్టుకుని, ఆమె కంటే ముందే బండి దగ్గర నిలబడేవాడు. ఆ నవ్వులు వింటూ నేను మాత్రం హడలిపోయేదాన్ని. బండి చక్కగా నడిచేకొద్దీ నాకు రోజులు దగ్గరపడ్డట్టే.

"ఎల్ బోర్డు బండికి సరుకెలా ఎత్తుతామమ్మా? లైసెన్సు తెచ్చుకో, గెలలన్నీ నీకే" అన్నారు మార్కెట్టులో. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. పరీక్ష రోజు వచ్చింది. గెలల గుట్టల మధ్య సందుల్లో ఖాళీ బండిని వెనక్కి తిప్పగల వీరవేణి, అంత మైదానంలో రివర్సులో హద్దుగా పాతిన కర్రను పడగొట్టి తప్పింది.

"బెదిరిపోయాను మావా" అంది.

మరోసారి వెళ్లింది. మళ్లీ అదే కర్ర. వెనక బంపరుకు ఉన్నదాన్ని, నాకు తెలియదా! బండి కర్ర దాకా వచ్చి ఆగింది. కాసేపు తటపటాయించింది. తర్వాతే కదిలి తగిలింది.

మైదానం అంచున నిలబడ్డ తాతారావుకూ అది తెలిసింది. డ్రైవరు కదా. ఇంటికి రాగానే అడిగాడు.

"కావాలనే కొట్టావు కదే?"

ఆమె తలెత్తలేదు. "లైసెన్సొచ్చేత్తే నువ్వు బండెక్కవు మావా. మళ్లీ ఆ గోడే చూత్తావు."

"అంటే ఇన్నాళ్లూ నువ్వు నేర్చుకోలేదు. నన్ను ఆడించావు. పసోణ్ణి ఆడించినట్టు."

మూడోసారి అతను వెళ్లలేదు. పక్కింటి డ్రైవరు పాపారావును తోడు పంపాడు. "ఈసారి కర్ర పడితే ఇంటికి రాకు" అన్నాడు అంతే.

కర్ర పడలేదు.

లైసెన్సు వచ్చాక వీరవేణి నన్ను విప్పి, తీగకు నిమ్మకాయ కట్టింది. "మార్కెట్టు దాకా రా మావా, ఊరికే."

"లైసెన్సున్నదానికి పక్కన మనిషెందుకు?" అని గోడవైపు తిరిగాడు.

నన్ను పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. అతని మంచం పక్కన నీళ్ల చెంబు మీద మూతగా పెట్టింది. రోజూ పొద్దున్నే బండి స్టార్టవుతుంది. అతని తల కొంచెం లేస్తుంది. "సెకండెయ్యి" అంటాడు గోడతో. మలుపు దగ్గర ఆమె సరిగ్గా సెకండ్ గేరే వేస్తుంది. చప్పుడు సన్నగిల్లి వినబడకుండా పోతుంది.

దాహం వేసినప్పుడు నన్ను పక్కకు తీసి, నీళ్లు తాగుతాడు. మళ్లీ మూత పెట్టేటప్పుడు అక్షరం కనబడకుండా బోర్లిస్తాడు. సగం వేరుశనగ కాయ పైకి వస్తుంది.