మలాకీ టియర్నీ నల్ల గౌను

నేను ఒక నల్ల గౌనును. డబ్లిన్ నగరంలో ఒక ముసలి దర్జీ నన్ను కుట్టాడు. నా మొదటి యజమాని నన్ను తొడుక్కుని వాదిస్తూ ఉంటే జడ్జీలు హాయిగా కునుకు తీసేవారు. ఆయన పోయాక మలాకీ టియర్నీ అనే కుర్ర వకీలు నన్ను కొనుక్కున్నాడు. మనిషి బాగా పొడగరి, నేనేమో అతని మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాను. పైగా బిడియస్తుడు. నోరు విప్పే ముందు నా అంచు పట్టుకుని నలిపేసేవాడు.

అప్పట్లో ఐర్లండులో భూములు జమీందార్లవి, చెమట కౌలుదార్లది. పంట పోయి కౌలు కట్టలేకపోతే కోర్టు అమీను వచ్చి ఇంట్లోంచి గెంటేసేవాడు. అలా గెంటబోయినప్పుడు నోరా గాలన్ అనే వితంతువు తన మీద సలసల కాగే నీళ్ళు పోసిందని ఒక అమీను కేసు పెట్టాడు. శిక్ష పడితే ఆమె జైలుకు, పిల్లలు అనాథాశ్రమానికి. ఆమె తరపున మలాకీ నిలబడ్డాడు.

అమీను బోనెక్కాడు.

"పొద్దున ఇంట్లోకి వెళ్ళగానే ఏం చేశావు?" అని మలాకీ అడిగాడు.

"పద్ధతి ప్రకారం పొయ్యి ఆర్పేశానండి. అది ఆరితేనే ఇల్లు ఖాళీ అయినట్టు."

"పూర్తిగా ఆరిందా?"

"బిందెడు నీళ్ళు కుమ్మరించానండి. నిప్పురవ్వ మిగలనిస్తానా!"

"ఆమె నీళ్ళు పోసింది ఎప్పుడు?"

"సామాను బయట పడేశాక... మధ్యాహ్నం దాటిందండి."

"మరి ఆ నీళ్ళు దేనిమీద కాగాయి?"

కోర్టంతా గొల్లున నవ్వింది. మలాకీ చెయ్యి నా అంచును వదిలేసింది. చెమటకు తడిసిపోయానేమో, నాకూ ఊపిరి వచ్చినట్టయింది.

కేసు కొట్టేశారు. కోర్టు మెట్ల మీద నోరా అతని చేతులు పట్టుకుంది. "చల్లగా ఉండు నాయనా! నన్ను విడిపించావు. ఇల్లు మాత్రం పోయినట్టేగా?"

"చట్టం అలా ఉందమ్మా. నేనేం చెయ్యను?"

"అయితే ఆ చట్టం రాసేవాళ్ళ దగ్గరికే వెళ్ళరాదూ!"

వెళ్ళాడు. కౌలుదార్లు ఓట్లేసి అతన్ని, ఐర్లండుకు కూడా చట్టాలు చేసే లండన్ పార్లమెంటుకు పంపారు. అక్కడ నాతో పని లేదు. అయినా చలికి నన్ను భుజాన కప్పుకుని, అద్దెగదిలో అద్దం ముందు ప్రసంగాలు వల్లె వేసేవాడు. సభలో అతను లేస్తే ఎదుటి పక్షానికి ఆకలి గుర్తొచ్చేదట. గెంటేసిన కౌలుదార్లకు వాళ్ళ పొలాలు తిరిగి ఇప్పించాలని బిల్లు పెట్టడం, ఓడిపోవడం, మళ్ళీ పెట్టడం. అతని జుట్టు నెరిసింది, నా రంగు వెలిసింది.

చివరికొక సాయంత్రం బూట్లతోనే మంచం మీద కూలబడి, నన్ను మొహానికి అదుముకుని ఏడ్చాడు. గాబరాపడ్డాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు కూడా! బిల్లు నెగ్గి చట్టమైంది. మరుసటి వసంతంలో నోరా తన పొలంలో మళ్ళీ విత్తనం వేసింది.

తర్వాతి ఎన్నికల్లో జనం ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి ఎన్నుకున్నారు. మలాకీ పల్లెలో ఉన్న చెల్లెలు ఊనా ఇంటికి చేరాడు.

"ఓడిపోయావటగా అన్నయ్యా?"

"అవునే. హమ్మయ్య!"

ఊనా నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, రెండు కర్రలకు తొడిగి బంగాళాదుంపల చేలో పాతింది. కోర్టులో నాకు ఎవరూ భయపడలేదు. ఇక్కడ కాకులు వాయిదా అడక్కుండానే లేచిపోతున్నాయి. పొద్దున్నే మలాకీ టీ కప్పుతో వచ్చి చేని గోడ మీద కూర్చుంటాడు. ఎవరి తరపునా ఒక్క మాట మాట్లాడడు. గాలి వస్తే నేను కాస్త ఊగుతాను.